పదో మనిషి

జనవరి 3, ఆదివారం

నేను "నమ్మి" చేస్తున్నానట!

భోజనాల దగ్గర జూడిత్ పిన్ని బంగాళాదుంపల గిన్నె అందిస్తూ, "మా డార్సీకి ఆ సెనేటరంటే ఎంత నమ్మకమో" అంది. అమ్మ, నేనేదో మఠంలో చేరినట్టు మురిసిపోయి, "చిన్నప్పట్నుంచీ అంతే. ఒకటి నమ్మిందంటే వదలదు" అంది. వేడ్ అన్నయ్య నోట్లో ముద్ద ఉండగానే, "నమ్మకమా, నా మొహమా? చదువైపోయింది, ఉద్యోగం లేదు. ఆ ఆఫీసులో ఎవడో కుర్రాడు ఉండుంటాడు" అన్నాడు.

ఇరవై మూడేళ్ళుగా ఈ ముగ్గురూ నన్ను చూస్తున్నారు. ఒకరికి సన్యాసినిని, ఒకరికి మొండిదాన్ని, ఒకరికి మగపిచ్చిదాన్ని. ఒక్కరికీ తట్టని సంగతి ఏమిటంటే, నేను జీతం కోసం చేస్తున్నాను. ఆయన ఎన్నికల ప్రచారంలో నాలుగు వారాల పని. ఇంటింటికీ తిరిగి తలుపు కొట్టడం, చలిలో నవ్వడం. రాజనీతి శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నదానికి ఈ రాష్ట్రంలో దొరికే ఉద్యోగం ఇదొక్కటే, అదీ నాలుగేళ్ళకోసారి.

నమ్మకం అన్న మాట ఇంకోసారి ఎవరైనా అంటే గిన్నె విసిరేస్తాను.


జనవరి 5

ప్రెస్టన్ అని ప్రచారంలో నా పైఅధికారి. ఇరవై నాలుగేళ్ళు, కనెటికట్ నుంచి వచ్చాడు, మొక్కజొన్న చేను మొదటిసారి చూస్తున్నాడు, అదీ కోతలైపోయాక, మంచు కింద. "ఇక్కడి జనంలో ఎంత నిజాయితీ ఉందో డార్సీ! ఎంత ఆలోచించి నిర్ణయించుకుంటారో!" అన్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ఎదురుగా ఒకాయన కారు అద్దం మీది మంచుని చెక్క గరిటెతో గీకుతున్నాడు. ఆయన కూడా ఆలోచిస్తున్నాడేమో.

నాకిచ్చిన పని చిన్నది. మా ఊరి తూర్పు వైపు, నా సొంత పేట. కాకస్, అంటే దేశాధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు పోటీ చెయ్యాలో పేటవాళ్ళు తేల్చే సభ, జరిగేది నేను చదివిన బడి వ్యాయామశాలలోనే. అరవై మంది దాకా వస్తారని అంచనా. నూటికి పదిహేను మంది లేని గుంపు లెక్కలోకి రాదు. అంటే అక్కడ సెనేటర్‌కిచ్చిన మూలలో పది మంది నిలబడాలి.

"నీ ఊరే కదా, పది మందిని తేలేవా? నీ మూల నుంచి జిల్లా సభకి ఒక్క ప్రతినిధి లేస్తే చాలు, తర్వాతి పోటీకి నిన్ను న్యూ హాంప్‌షైర్ తీసుకుపోతాను. అక్కణ్ణుంచి చివరిదాకా" అన్నాడు.

చివరిదాకా అంటే నవంబర్ దాకా. అంటే ఈ ఇంట్లోంచి బయటికి.

పది మంది.


జనవరి 9, శనివారం

అమ్మ పనిచేసే వృద్ధాశ్రమం వంటింటి వెనక ఎల్విరా సిగరెట్ కాలుస్తుంటే పట్టుకున్నాను. గిన్నెలు తోముతుంది. గ్వాటెమాలా మనిషి, పోయినేడాదే పౌరసత్వం వచ్చింది. ఓటు హక్కు తాజాగా ఉంది, ఇంకా పొట్లం విప్పలేదు.

"ఓటు పెట్టె ఎక్కడ పెడతారు?" అంది.

"పెట్టె లేదు."

"చీటీ?"

"చీటీ లేదు. సాయంత్రం ఏడింటికి బడికి రావాలి. ఏడు దాటితే తలుపులు మూసేస్తారు. లోపల ముగ్గురు అభ్యర్థులకీ మూడు మూలలు. గవర్నర్ వాళ్ళదొక మూల, కాంగ్రెస్ సభ్యురాలి వాళ్ళదొక మూల, మాదొక మూల. నీకు నచ్చిన మూలకి వెళ్ళి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. సరిపడా తలలు లేని మూలని చెదరగొట్టి, ఇంకో మూలకి పొమ్మంటారు."

"అందరూ చూస్తుండగానా?"

"అందరూ చూస్తుండగానే."

"మా యజమాని కూడా చూస్తాడా?"

"ఆయన గవర్నర్ మూలకి పెద్ద."

ఎల్విరా పొగ వదిలి, నన్ను జాలిగా చూసింది. "మా ఊళ్ళో బెదిరించేవాళ్ళు కూడా రాత్రిపూట, మొహానికి గుడ్డ కట్టుకుని వచ్చేవాళ్ళమ్మా. వాళ్ళకి ఆ మాత్రం సిగ్గుండేది."

తర్వాత, వస్తానంది. ఎందుకంటే ఆ సెనేటర్ టీవీలో ఒకసారి చెమట తుడుచుకున్నాడట. చెమట పట్టినవాడే మనిషి అంది. నేను విన్న కారణాల్లో ఇదే గట్టిది.

నలుగురు.


జనవరి 12

ఐదుగురు. తేనెటీగలు పెంచే ముసలాయన. మా సెనేటర్ పేరు ఆయనకి నోరు తిరగదు. తల తలే.


జనవరి 14

ప్రూయిట్ టీచరమ్మ ఇంటికి ఇది నాలుగోసారి. నాకు పియానో నేర్పింది, నాకు రాలేదు, ఆవిడ ఆ విషయం ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

"నేనింకా తేల్చుకోలేదు డార్సీ."

"గవర్నర్‌ని కలిశారుగా టీచర్?"

"రెండుసార్లు. చెయ్యి వెచ్చగా ఉంది."

"కాంగ్రెస్ సభ్యురాలిని?"

"ఆవిడ మా ఇంటికే వచ్చింది. నేను కాల్చిన చెర్రీ పై తింది. అంచు వదిలేసింది."

"మా సెనేటర్‌ని?"

"మూడే సార్లు! మూడుసార్లు చూసి ఎలా తేల్చుకుంటామమ్మా?"

ఈ ఊళ్ళో ఇలాంటి గోడ మీది పిల్లులు నలభై దాకా ఉన్నాయి. తేల్చుకోనంత కాలం దేశం ఇంటికొస్తుంది, సోఫాలో కూర్చుంటుంది, "మీ మోకాలెలా ఉంది?" అని అడుగుతుంది. తేల్చుకున్న మర్నాడు మోకాలి గురించి అడిగే దిక్కుండదు. అందుకని ఎవరూ తేల్చుకోరు. దీన్ని చూసే ప్రెస్టన్ కళ్ళు చెమరుస్తాయి.

నాకూ చెర్రీ పై పెట్టింది. అంచుతో సహా తిన్నాను.


జనవరి 17, ఆదివారం

అమ్మని నేను అడగలేదు. ఈ మాట ఇక్కడ స్పష్టంగా రాసిపెట్టుకోవాలి. ఫిబ్రవరి ఒకటి సోమవారం సాయంత్రం ఖాళీనా అని మాత్రం అడిగాను.

"ఖాళీయేనే. గ్లెన్ గారు మా అందరికీ సెలవిచ్చారు. ఆశ్రమం వ్యానులోనే తీసుకెళ్తారట, శాండ్‌విచ్‌లు కూడా."

"అందరికీ అంటే?"

"అంటే... వచ్చేవాళ్ళకి."

గ్లెన్ హోలుబ్. ఆశ్రమం యజమాని. అమ్మ అక్కడ వంటపెద్ద, ఇరవై ఏళ్ళుగా. ఆయన పుట్టినరోజుకి కేకు చేస్తుంది, ఆయన భార్య మోకాలి ఆపరేషన్‌కి సూపు చేసింది, ఆయన గవర్నర్ని ఇష్టపడితే గవర్నర్ని ఇష్టపడుతుంది. కోటుకి గవర్నర్ పేరున్న ప్రచార బిళ్ళ పెట్టుకుని తిరుగుతోంది.

"గవర్నర్లో నీకేం నచ్చిందమ్మా?" అన్నాను.

"మంచాయన."

"ఏం చేశాడు?"

"ఇప్పుడు నాతో పోట్లాట పెట్టుకోకు డార్సీ. నీ ఉద్యోగం నాలుగు వారాలు. నాది ఇరవై ఏళ్ళు. ఎక్కడో ఒక మూల నిలబడ్డానికి ఇంత రాద్ధాంతమా? అందరూ అటు నిలబడితే నేనొక్కదాన్నీ ఇటొచ్చి నిలబడనా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారా?"

"నేను రమ్మన్నానా?"

"నీ మొహం రమ్మంటోంది."

నా మొహం అలాంటిదేమీ అనలేదు. అమ్మ ఎక్కడ నిలబడితే నాకేం?


జనవరి 20

సెనేటర్ మా ఊరికి వచ్చాడు. మెయిన్ రోడ్డు మీది కెఫేలో, పళ్ళెం కంటే పెద్దదైన పందిమాంసం శాండ్‌విచ్ ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. ఒక్క ముక్క కొరికాడు. మిగతాది ఆయన కుర్రాళ్ళు కారులో పెట్టించుకున్నారు. నలభై మంది వచ్చారు. అందులో ముప్ఫై మంది మొన్న గవర్నర్ సభలోనూ అవే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళే. ప్రూయిట్ టీచరమ్మ మొదటి వరస. నాలుగోసారి చూడ్డం కదా, శ్రద్ధగా చూసింది.

నాతో చెయ్యి కలిపి, "మీలాంటి యువత వల్లే..." అన్నాడు. వాక్యం పూర్తయ్యేలోపు పక్క చేతికి వెళ్ళిపోయాడు.

చివర్లో తలుపు దగ్గర అమ్మ కనిపించింది. వంటింటి బూట్లతోనే వచ్చేసింది, జుట్టుకి వల కూడా తియ్యలేదు. కోటు మీద గవర్నర్ బిళ్ళ లేదు. ఎప్పుడొచ్చిందో తెలియదు. సెనేటర్ బయటికి పోతూ ఆగి ఏదో అడిగాడు. అమ్మ జవాబు చెప్పింది. ఆయన విన్నాడు. నేను అటూ ఇటూ పది మందిని నెట్టుకుని వెళ్ళేసరికి ఆయన కారెక్కేశాడు.

"ఏమడిగాడు?"

"ఏం పని చేస్తారని. చెప్పాను. ముసలాళ్ళ తిండికి ఆశ్రమాల వాళ్ళు ఎలా కోతలు పెడుతున్నారో చెప్పాను. 'ఈ మాట నేను ఇంకో చోట చెప్పొచ్చా?' అని అడిగాడు. నన్ను అడిగాడే! చెప్పమన్నాను." అమ్మ బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బయట చలి వల్లే. "మీవాడు మంచాడేనే డార్సీ. నాకు చాలా నచ్చాడు."

"మరి?"

"మరేముంది? నచ్చాడు" అంది. కారెక్కే ముందు జేబులోంచి గవర్నర్ బిళ్ళ తీసి మళ్ళీ కోటుకి పెట్టుకుంది.

ఇలాంటి మనిషి కడుపున నేనెలా పుట్టానో.


జనవరి 21

అమ్మ చెప్పిన మాటని సెనేటర్ పక్క జిల్లాలో నిజంగానే వాడుకున్నాడట. "నిన్న ఒక వంటావిడ నాతో అన్నది..." అన్నాడట. ప్రెస్టన్ పొంగిపోయి ఫోన్ చేశాడు. "ఆవిడ మీ అమ్మేనా? అద్భుతం! అంటే మనకి ఆరు!"

ఆరు కాదు, ఐదే అన్నాను.

"అదేంటి? మీ అమ్మేగా?"

ఫోన్ పెట్టేశాను.


జనవరి 25

తొమ్మిది. నన్ను కలుపుకుని. నన్ను కలపకపోతే ఎలా, నాదీ ఒక తలేగా.


జనవరి 27

పది! ఎల్విరా వాళ్ళ ఆయనకీ పౌరసత్వం ఉందట. ఇన్నాళ్ళూ అడగలేదు నేను. నాకు ఇంత సంతోషం ఎందుకో అర్థం కాలేదు, జీతం పెరిగేదేం లేదు.


జనవరి 29

ఎల్విరాకి సోమవారం సాయంత్రం పని వేశారు. రెండు నుంచి పది దాకా. ఎప్పుడూ పొద్దుటి పని చేసే మనిషి.

అడగడానికి వెళ్ళాను. గ్లెన్ తన గదిలో నాకు కుర్చీ చూపించి, ముసలాళ్ళ దగ్గర వాడే గొంతుతో మాట్లాడాడు. "డార్సీ తల్లీ, ఏడింటికి ఇక్కడ ఎనభై మందికి భోజనం పెట్టాలి. ఎవరో ఒకరు ఉండాలిగా?"

"ఉండేవాళ్ళంతా గవర్నర్‌కి కానివాళ్ళే ఎందుకయ్యారు?"

"అలా అయ్యారా? నేను గమనించనే లేదు." నిజంగా ఆశ్చర్యపోయాడు. అదే ఈయన దగ్గరున్న గొప్పతనం, తను చేసింది తనకే తెలియదు. "నువ్వు చదువుకున్నదానివి. అన్నిట్లోనూ ఏదో ఉందనుకుంటావు."

ఆ ఎనభై మంది ముసలాళ్ళకీ ఓటుంది. యుద్ధాల నాటి నుంచి వేస్తున్నవాళ్ళు. ఏడింటికి చలిలో బడికి రాలేరు కాబట్టి వాళ్ళు లెక్కలో లేరు. వాళ్ళకి గంజి పోసేవాళ్ళూ లేరు. రాత్రి షిఫ్టు నర్సులు లేరు, పెట్రోలు బంకు పిల్ల లేదు, పసిపిల్లలున్న తల్లులు లేరు. సోమవారం సాయంత్రం రెండు గంటలు ఊరికే నిలబడగలిగినవాళ్ళు ఎవరైతే ఉన్నారో వాళ్ళే అమెరికా. దేశమంతా మావైపు చూస్తోందని టీవీలో రోజూ చెబుతున్నారు. చూడనీ.

ఎల్విరా లేకపోతే వాళ్ళాయన రాడు. "అది లేకుండా అంతమంది తెల్లవాళ్ళ మధ్య నేనొక్కణ్ణీ నిలబడను" అన్నాడు. న్యాయమే.

ఎనిమిది.


జనవరి 31, ఆదివారం

ప్రూయిట్ టీచరమ్మ ఫోన్ చేసింది. మా మూలకే వస్తానంది. చాలా ఆలోచించిందట.

తొమ్మిది. ఒక్కరు తక్కువ.

భోజనాల దగ్గర వేడ్ అన్నాడు, "నీ మూలకి ఒక్కళ్ళు తక్కువట కదా. బజారంతా చెప్పుకుంటున్నారు." అమ్మ లేచి నీళ్ళ జగ్గు నింపడానికి వెళ్ళింది. జగ్గు నిండుగానే ఉంది.

నేను రమ్మని అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు.


ఫిబ్రవరి 2, మంగళవారం, పొద్దున

నిన్నటిది వరసగా రాస్తాను. మళ్ళీ మళ్ళీ తలచుకోవడం నాకిష్టం లేదు.

వ్యాయామశాలలో అదే రబ్బరు వాసన. బాస్కెట్‌బాల్ బుట్ట కింద గవర్నర్ వాళ్ళు, వేదిక పక్క కాంగ్రెస్ సభ్యురాలి వాళ్ళు, చాపలు చుట్టిపెట్టిన మూల నాకు. గ్లెన్ వ్యానులోంచి ఆశ్రమం వాళ్ళు వరసగా దిగారు, చేతిలో శాండ్‌విచ్‌లు. అమ్మ అందరికంటే వెనక. నావైపు చెయ్యి ఊపింది, పక్కింటావిడకి ఊపినట్టు.

సభకి అధ్యక్షుడు వెర్నన్ మాస్టారు. మాకందరికీ వ్యవసాయం పాఠం చెప్పినవాడు. ఏడింటికి తలుపులు మూయించి లెక్కపెట్టాడు. మొత్తం అరవై నాలుగు. ఈ పేటకి నాలుగు ప్రతినిధి స్థానాలు. పది మందికి తక్కువైన మూల చెల్లదు.

గవర్నర్ ముప్ఫై మూడు. కాంగ్రెస్ సభ్యురాలు ఇరవై రెండు. మేం తొమ్మిది.

"అరగంట టైము. నచ్చజెప్పుకోండి, మారేవాళ్ళు మారండి" అన్నాడు మాస్టారు. వెంటనే కాంగ్రెస్ సభ్యురాలి వాళ్ళు బిస్కట్ల డబ్బాతో నా మూలకి దిగారు, ఆవులసంతలో దళారుల్లా. "ఎలాగూ మీది చెల్లదు, మావైపు వచ్చెయ్యండి" అంటూ. తేనెటీగల ముసలాయన రెండు బిస్కట్లు తీసుకుని కదలకుండా నిలబడ్డాడు. ఆయన్ని ఆ క్షణంలో కౌగిలించుకుందామనిపించింది.

అప్పుడు గ్లెన్ వచ్చాడు, కాఫీ కప్పుతో.

"ఒకరు తక్కువ కదూ డార్సీ?"

"మీకు లెక్కలు బాగానే వచ్చు."

"నా దగ్గర ఒకరు ఎక్కువున్నారు. తీసుకో."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు, పిల్లలకి చెప్పినట్టు, వేళ్ళు మడుస్తూ. "నీ మూల చెదిరితే నీవాళ్ళంతా ఆ కాంగ్రెస్ సభ్యురాలివైపు పోతారు. అప్పుడు ఆవిడకి రెండు స్థానాలు, మాకు రెండు. నీ మూల నిలిస్తే నీకొకటి, ఆవిడకి ఒకటే, మాకు మాత్రం ఎలాగూ రెండు. ఒక తల ఇస్తే నాకు పోయేదేం లేదు. ఆవిడకి ఒకటి తగ్గుతుంది. నీకొకటి వస్తుంది. అందరికీ మంచిదే కదా?"

ఇందులో మోసం లేదు. ఇది పద్ధతే. మనుషుల్ని చేబదులిచ్చి పుచ్చుకోవడం ప్రతి కాకస్‌లోనూ జరిగేదే. ప్రెస్టన్ మాకు నేర్పించాడు కూడా.

గ్లెన్ వెనక్కి తిరిగి, "లొరెయిన్! ఇలా రా. మీ అమ్మాయి దగ్గర నిలబడు" అని కేకేశాడు. సూపు ఇంకొంచెం తెమ్మన్నట్టు. నావైపు వంగి, "మీ అమ్మైతే చూడ్డానికి కూడా బాగుంటుంది. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నాడు.

అమ్మ వచ్చింది. బుట్ట కింది నుంచి చాపల మూలదాకా, అందరూ చూస్తుండగా, దాదాపు పరుగెత్తుకుంటూ. నా చెయ్యి పట్టుకుంది. మొహం వెలిగిపోతోంది.

"గ్లెన్ గారే వెళ్ళమన్నారే! ఇంక ఏ గొడవా లేదు. నాకు ముందునుంచీ ఇటే ఇష్టమని నీకు తెలుసుగా? చూశావా, చివరికి మన మాటే నెగ్గింది."

నెల రోజులుగా నేను అనుకున్నదల్లా ఇదే. అమ్మ ఆ నేల దాటి నా మూలకి రావడం. అనుకోలేదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాసుకున్నానో నాకు తెలుసు.

వెర్నన్ మాస్టారు లెక్కకొచ్చాడు. ఒక్కొక్కరు అంకె చెప్పి చెయ్యెత్తాలి. నేను ఒకటి. ప్రూయిట్ టీచరమ్మ రెండు, తాళం తప్పకుండా. తేనెటీగల ముసలాయన తొమ్మిది. అమ్మ "పది!" అంది, బడిపిల్లలా, చెయ్యి బాగా పైకెత్తి.

నేను మెల్లగా అడిగాను. "గ్లెన్ మళ్ళీ వెనక్కి రమ్మంటే?"

"ఎందుకు రమ్మంటారు?"

"రమ్మంటే?"

అమ్మ మెడ తిప్పి ఆయనవైపు చూసింది. ఏం చెప్పాలో ఆయన మొహంలో వెతికింది. ఆయన పర్లేదన్నట్టు తలూపాడు. అప్పుడు నావైపు తిరిగి, "ఇక్కడే ఉంటానే" అంది.

"మాస్టారూ, ఈ మూలలో తొమ్మిదే" అన్నాను.

"పది విన్నానమ్మా నేను. ఎవరిష్టం వచ్చిన చోట వాళ్ళు నిలబడొచ్చు, నువ్వు కాదనడానికి లేదు."

"ఆవిణ్ణి కాదనడం లేదు. ఒకటి అన్నది నేను. నేను ఇందులో లేను."

మెడలోని సెనేటర్ బిళ్ళ తీసి చాపల మీద పెట్టి, వెళ్ళి చెక్కమెట్ల మీద కూర్చున్నాను.

 మొదట ప్రూయిట్ టీచరమ్మే తేరుకుంది. "ఇప్పుడే కదమ్మా నేను తేల్చుకున్నాను!" అని అరిచింది. వెర్నన్ మాస్టారు నా దగ్గరికొచ్చి, "డార్సీ, బాగా ఆలోచించుకున్నావా?" అన్నాడు. ఆలోచించలేదు మాస్టారూ అన్నాను. నిబంధనల కాగితం రెండు వైపులా తిప్పి చూశాడు. వచ్చిన మనిషి కూర్చోకూడదని ఎక్కడా లేదు.

మూల చెల్లదని ప్రకటించాడు. నావాళ్ళలో ఏడుగురు బిస్కట్ల వైపు నడిచారు. తేనెటీగల ముసలాయన టోపీ పెట్టుకుని ఇంటికి పోయాడు. కాంగ్రెస్ సభ్యురాలికి రెండు, గవర్నర్‌కి రెండు.

అమ్మ కాసేపు ఆ చాపల దగ్గర ఒక్కతే నిలబడింది. కోటు బొత్తాలు పెట్టుకుంటూ, తీస్తూ. గ్లెన్ పిలవలేదు. తనే వెళ్ళింది. వాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు.

లెక్క అవగానే యాభై మంది దాకా కోట్లు తగిలించుకుని పారిపోయారు. పార్టీ విధానాల మీద తీర్మానాలకి పదకొండు మంది మిగిలారు. తలుపు దగ్గర గ్లెన్ నా పక్కనుంచి పోతూ, "అంత చదివావు, చిన్న కూడిక రాదా?" అన్నాడు.

వచ్చండీ.


ఫిబ్రవరి 2, మధ్యాహ్నం

ప్రెస్టన్: "సున్నానా? పదో మనిషి తన కాళ్ళ మీద తను నడిచొచ్చి చెయ్యెత్తితే, సున్నానా?"

తన కాళ్ళ మీద కాదు అన్నాను.

"మరెవరి కాళ్ళ మీద?"

ఇలాంటివాళ్ళు దేశాన్ని నడుపుతారు.


ఫిబ్రవరి 3

రాష్ట్రం మొత్తం మీద సెనేటర్‌కి రెండో స్థానం. గొప్ప విజయమట. మా పేట సంగతి ఎవరి కంటా పడలేదు. అరవై నాలుగు మందిని నాలుగు చేశారు, ఆ నాలుగుని జిల్లాలో ఇంకా చిన్నది చేస్తారు, ఎండాకాలానికి అది ఎవరి జేబులోనో చిల్లర.

ప్రెస్టన్ మళ్ళీ ఫోన్ చేశాడు, గొంతు తియ్యగా. "లెక్కలో పొరపాటని పైకి రాసేశాను. అందరికీ అవుతుంటాయి. బట్టలు సర్దుకో, శనివారం పొద్దున్నే న్యూ హాంప్‌షైర్ బయల్దేరదాం. నీలాగా నమ్మి పనిచేసేవాళ్ళు నాకు కావాలి."

నమ్మి!

లెక్కలో పొరపాటు జరగలేదు అన్నాను. వినలేదు.

అమ్మని శని, ఆదివారాల పనికి మార్చారు. ఎప్పటిదాకా అని గ్లెన్ చెప్పలేదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. వేడ్ నా గది తలుపు మీద ఒక్క దెబ్బ వేసి, "సంతోషమా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పోయాడు.


ఫిబ్రవరి 4, గురువారం

అమ్మ వంటింట్లో నూడుల్స్ పిండి కోస్తోంది. నేను కాఫీ పోసుకుంటున్నాను. మూడు రోజుల తర్వాత మొదటి మాట.

"నేను నిజంగానే నీకోసం వచ్చానే."

"తెలుసు."

"ఆయన వెళ్ళమన్నారు, సరే. వెళ్ళమనకపోతే మాత్రం నా మనసులో లేదా? మనసులో ఉన్నది లెక్క కాదా?"

"అక్కడ కాదమ్మా."

కత్తి ఆగింది. మళ్ళీ నడిచింది.

"ఊళ్ళో అందరూ ఏమంటున్నారో తెలుసా? కన్నకూతురు తల్లి పక్కన నిలబడలేక పోయి మెట్ల మీద కూర్చుందంటున్నారు. పిన్ని ఫోన్ చేసి ఏడ్చింది. ఒక్క మాట చెప్పవే. గ్లెన్ గారి మీద కోపంతో చేశానను. నన్ను చూసి కాదను. అబద్ధమైనా సరే. ఆ మాట చాలు నాకు, ఇంకేమీ అడగను."

పిండి అంటిన చేతులు తుడుచుకోకుండా నిలబడి ఉంది. చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నాలుగు మాటలు. గ్లెన్ మీద కోపం లేదని కాదు, ఉంది, కుక్క మీద ఉన్నంత. కుక్క కరుస్తుంది, దానికి అది తెలుసు, నాకూ తెలుసు. నేను ఆ మూల వదిలేసింది అమ్మ మెడ తిరగడం చూసి.

కాఫీ కప్పు పట్టుకుని పైకి వచ్చేశాను.

ప్రెస్టన్‌కి రానని రాసి పంపాను. శనివారం మా రాష్ట్ర రాజధాని డెమోయిన్‌కి బస్సుంది, ఎక్కుతాను. అక్కడ నాకు ఉద్యోగం లేదు. అమ్మకి ఆ మాట చెప్పను.